ఓపికకు దొరికిన చుట్టం

స్వీడిష్ నేర్చుకోవడం మొదలుపెట్టిన రెండో నెలలో నన్ను ఆపేసిన క్రియ ‘ఓర్కా’. ‘యా ఓర్కర్ ఇంతె’ అన్న వాక్యానికి నిఘంటువు ‘నాకు శక్తి చాలదు’ అని అర్థం చెప్పింది. అది సగమే. చేతకాదని కాదు, ఇష్టం లేదనీ కాదు. ఒంట్లోనో మనసులోనో ఇక ఏమీ మిగలలేదని. రాత్రి పుస్తకం మూయబోతుండగా తట్టింది: ‘నాకు ఓపిక లేదు’! ఆ సంతోషంలో మరో గంట కూర్చున్నాను.

నార్వేజియన్, డేనిష్ భాషల్లో ఇదే ‘ఓర్కె’. ఈ భాషలకు తల్లి అయిన ప్రాచీన నార్స్ నుంచి వచ్చిన ఈ మాట ఇంగ్లిష్ ‘వర్క్’కు దగ్గరి బంధువు. మరి మొదటి వకారం ఏమైంది? నార్స్‌లో ఉ, ఒ అచ్చుల ముందు అది రాలిపోయింది. ఇంగ్లిష్ ‘వుల్ఫ్’ స్వీడిష్‌లో ‘ఉల్వ్’ కావడానికీ, ‘వూల్’ అంటే ఉన్ని అక్కడ ‘ఉల్’గా మిగలడానికీ కారణం ఇదే. ఇలాంటి నియమం దొరికినప్పుడు పది మాటలు ఒక్కసారిగా తలుపు తీస్తాయి.

ఐస్లాండిక్‌లో ‘ఓర్కా’ నామవాచకం కూడా, అర్థం శక్తి. కానీ నాకు అంతకన్నా ప్రియమైనది అదే మూలం నుంచి పుట్టిన ‘ఇర్క్యా’ అనే క్రియ. నేల సాగుచేయడం, కవిత్వం అల్లడం, రెండూ దాని అర్థాలే. సేద్యానికీ పద్యానికీ ఒకే మాట! స్వీడిష్‌లో దాని చుట్టం ‘ఇర్కె’, అంటే వృత్తి.