బ్యాంకు పరీక్షల ఇంగ్లిషు: ‘క్యాష్’ పదం వెంట వెళ్తే

బ్యాంకు పరీక్షలకు చదువుతున్న మిత్రులకు, ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిషు పదాల దగ్గర తడబడుతున్నవారికి ఇది రాస్తున్నాను. జాబితాలు బట్టీ పట్టడం కన్నా, ఒక మామూలు పదాన్ని పట్టుకుని దాని పుట్టుక దాకా వెళ్లడమే నాకు ఎక్కువ మార్కులు తెచ్చింది. చెన్నైలో చదువుకునే రోజుల్లో ఆ దారి చూపిన పదం ‘క్యాష్’.

కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో మన పుస్తకాలు మనం తెచ్చుకుని చదువుకునే వీలుంది. గది అద్దెతోనే చేతిలో డబ్బు అయిపోయేవారికి అదొక వరం. అక్కడ పెద్ద నిఘంటువు తెరిస్తే ‘క్యాష్’ రెండు వేర్వేరు పదాలుగా కనిపించింది.

మొదటిది నగదు. లాటిన్‌లో ‘కాప్సా’ అంటే పెట్టె. ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా అది 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లిషులోకి వచ్చింది. మొదట డబ్బు దాచే పెట్టెకు ఉన్న పేరు, తర్వాత అందులోని డబ్బుకే స్థిరపడింది. సామాను పెట్టుకునే ‘కేస్’, మందుల ‘క్యాప్సూల్’ కూడా ఆ ‘కాప్సా’ సంతానమే.

రెండోది అచ్చంగా మన ‘కాసు’. తమిళ ‘కాసు’ను పోర్చుగీసువారు తమ నోటికి తగ్గట్టు మార్చుకుంటే, వారి నుంచి ఇంగ్లిషువారు ‘క్యాష్’గా అందుకున్నారు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు లెక్కల్లో 80 క్యాష్‌లు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా, అంటే మన వరహా. 1803 నాటి రాగి నాణెం బొమ్మ చూశాను: ఒకవైపు పారసీ లిపి, దాని కింద రోమన్ అంకెల్లో ఇరవై, పక్కనే ఇంగ్లిషు అక్షరాల్లో ‘క్యాష్’. తాతలు చెప్పే కాసులు, వరహాలు ఇంగ్లిషు నిఘంటువులో ఎదురైతే ఆ భాషంటే ఉన్న బెరుకు సగం పోయింది.

ఇక పరీక్షకు నేరుగా పనికొచ్చే సంగతి. ఒకే పదాన్ని మూడు వాక్యాల్లో ఇచ్చి, ఎందులో సరిగా వాడారో అడుగుతారు కదా. ‘క్యాషియర్’ నామవాచకమైతే కౌంటరులో కూర్చునే ఉద్యోగి. అదే క్రియ అయితే, సైన్యంలోని అధికారిని అవమానకరంగా కొలువు నుంచి తొలగించడం. ఈ క్రియకు పెట్టెతో సంబంధమే లేదు. ఫ్రెంచి నుంచి డచ్చి మీదుగా వచ్చిన వేరే మాట. ఈ తేడా తెలియనివారు వాక్యం తప్పని కొట్టేస్తారు. పోలీసులు పట్టుకున్న ఆయుధాల నిల్వను పత్రికలు ‘క్యాష్’ అంటాయి. పలకడం అలాగే ఉన్నా, అది దాచడమనే అర్థమున్న ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది. స్పెల్లింగు చివర సి, హెచ్, ఇ ఉంటాయి. జీడిపప్పు ‘క్యాషూ’ మాత్రం వీటిలో దేనికీ చుట్టం కాదు. అది బ్రెజిల్ తూపీ భాష మాట, పోర్చుగీసువారి నోట మనదాకా చేరింది.

ప్రిలిమ్స్‌లో ఇంగ్లిషుకు ఇచ్చేది 20 నిమిషాలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. అంత తొందరలో జాబితాలో ఎన్నో వరుసలో చదివామో గుర్తు రాదు. పుట్టుక తెలిసిన పదం మాత్రం వాక్యం చూడగానే గుర్తొస్తుంది. అందుకే నోటుపుస్తకంలో పదానికి ఒక పేజీ కేటాయించండి: మూలం, అర్థాలు, చుట్టాలు, ఆ రోజు పత్రికలో దొరికిన ఒక వాక్యం. ‘క్యాష్’ అయ్యాక ‘బ్యాంకు’ తీసుకోండి. డబ్బు మార్చేవారి బల్ల దగ్గర మొదలై ‘బెంచి’, ‘బ్యాంక్రప్ట్’, విందుకు వాడే ‘బాంకెట్’ దాకా తీసుకెళ్తుంది.