గ్లెన్స్ ఫాల్స్‌లో ఒక వేసవి

శనివారం. పొద్దున సరుకులు తేవడం, మధ్యాహ్నం బట్టలు, ఇంటి పని. సాయంత్రం ఎండ తగ్గాక ఇక్కడ, మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్‌లోనే, మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింది స్థాయి) బేస్‌బాల్ ఆటకు వెళ్లాను.

ఆట సంగతి అలా ఉంచితే, నా కళ్లు పొరుగూరి జట్టులో బంతి విసిరే పిచర్ మీదే నిలిచిపోయాయి. ఇరవై ఏళ్లు నిండాయో లేదో. వరుసగా ఇద్దరికి నాలుగేసి బంతులు గురి తప్పి వేసి, ఉత్తపుణ్యానికి మొదటి బేస్ ఇచ్చేశాడు. పిచింగ్ గుట్ట దిగి వెనక్కి తిరిగి, చేతికి పట్టు కోసం వాడే రోజిన్ పొడి సంచీని అరచేతిలో ఎగరేస్తూ నిలబడ్డాడు. కోచ్ వచ్చి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. అబ్బాయి తల ఊపాడు గానీ చూపు నేల మీదే. తర్వాతి బంతి కూడా పక్కకే పోయింది.

నాకు తర్వాత గొప్ప పిచర్‌గా పేరు తెచ్చుకున్న జాన్ స్మోల్ట్జ్ గుర్తొచ్చాడు. ఈ ఊళ్లోనే వేవర్లీ హైస్కూల్లో చదివినవాడు. వాళ్ల తాత డెట్రాయిట్‌లో, టైగర్స్ జట్టు సొంత మైదానమైన టైగర్ స్టేడియంలో పనిచేసేవాడట. అలాంటి ఇంటి పిల్లవాణ్ని జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే 1985 డ్రాఫ్టులో, 22వ రౌండులో, ఆ టైగర్స్ జట్టే తీసుకుంది. ఇంతకన్నా ఏం కావాలి? 1986లో ఫ్లోరిడాలోని లేక్‌ల్యాండ్‌లో ఆడాడు. మరుసటి ఏడాది మైనర్ లీగ్‌లలో మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద ఉండే డబుల్ ఏ స్థాయికి, న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లెన్స్ ఫాల్స్‌కు పంపారు. అక్కడే చుక్కెదురైంది. అతని ఖాతాలో 4 గెలుపులు, 10 ఓటములు. సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కు 5.68 పరుగులు ఇచ్చుకున్నాడు. ఎందరిని మూడు స్ట్రైక్‌లతో అవుట్ (స్ట్రైకౌట్) చేశాడో దాదాపు అందరికి ఉచితంగా బేస్ ఇచ్చాడు.

1987 ఆగస్టు 12న డెట్రాయిట్ అతణ్ని అట్లాంటా బ్రేవ్స్‌కు ఇచ్చేసి, 36 ఏళ్ల పిచర్ డాయిల్ అలెగ్జాండర్‌ను తెచ్చుకుంది. ఈ మార్పిడిని తలచుకుని డెట్రాయిట్‌ను వెక్కిరించేవాళ్లంటే నాకు చిరాకు. డివిజన్ (లీగ్‌లోని ఒక విభాగం) టైటిల్ కోసం టొరంటోతో నువ్వా నేనా అన్నట్టు పోరు సాగుతున్న రోజులవి. అలెగ్జాండర్ 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. చివరి రోజున టైగర్స్ డివిజన్ గెలిచింది. కావలసింది దక్కింది. నా బాధ అది కాదు. తాత పనిచేసిన మైదానంలో ఆడాలని పెరిగిన ఇరవై ఏళ్ల కుర్రవాడికి, నువ్విక మా వాడివి కావు అన్న మాట ఎలా తగిలి ఉంటుందన్నదే.

ఈ కథ చెప్పేవాళ్లు ఇక్కడి నుంచి నేరుగా 2015లో హాల్ ఆఫ్ ఫేమ్ (బేస్‌బాల్ దిగ్గజాలకు దక్కే గౌరవం)కు, 213 గెలుపులకు, 154 సేవ్‌లకు (జట్టు ఆధిక్యాన్ని చివర్లో కాపాడిన ఆటలకు) దూకేస్తారు. మధ్యలో 1988 ఉంది. బ్రేవ్స్‌లో లియో మజోన్ అనే పిచింగ్ కోచ్ అతనికి అండగా దొరికాడు. అయినా జులైలో మేజర్ లీగ్‌కు వచ్చాక 2 గెలిచి 7 ఓడాడు. సగటు 5.48, అంటే గ్లెన్స్ ఫాల్స్ నాటి అంకెకు కూతవేటు దూరం. తేడా అల్లా బంతి అతని చేతిలోంచి లాక్కోకపోవడమే. ఆ ఏడాది 106 ఆటలు ఓడిన అట్లాంటాకు ఓపిక పట్టే వీలుంది, టైటిల్ వేటలో ఉన్న డెట్రాయిట్‌కు లేకపోయింది. 1989లో, 22 ఏళ్లకే, స్మోల్ట్జ్ ఆ ఏటి మేటి ఆటగాళ్లను ఎంచుకునే ఆల్‌స్టార్ జట్టులో ఉన్నాడు.