ఒక్క ‘ఛార్జ్’, డజను టర్కిష్ మాటలు: టర్కిష్ పరీక్షకు చదివేవాళ్ల కోసం

తుర్కియె ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్లేవాళ్లకు మొదటి ఏడాది భాష కోర్సుతోనే సరిపోతుంది. యూనివర్సిటీల్లో టర్కిష్ నేర్పే తోమెర్ సెంటర్లు పెట్టే పరీక్షైనా, యూనుస్ ఎమ్రె సంస్థ పెట్టే టీవైఎస్ అయినా చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ చూస్తారు. భాష స్థాయిల్లో మధ్య మెట్టయిన బీ1 దాకా గ్రామర్ బలంతో నెట్టుకురావచ్చు. ఆ పై మెట్లు బీ2, సీ1 కొచ్చేసరికి మార్కులు మాటల దగ్గర జారిపోతాయి, అందులోనూ మనకు వచ్చు అనుకున్న మాటల దగ్గరే ఎక్కువ.

మన నోట్సు చూస్తే ఎందుకో తెలిసిపోతుంది. చేతికి అందేది ఇంగ్లిష్-టర్కిష్ నిఘంటువు కాబట్టి ఎడమ పక్క ఒక ఇంగ్లిష్ మాట, కుడి పక్క ఒక టర్కిష్ మాట రాసుకుంటూ పోతాం. ‘టేబుల్’, ‘డోర్’ లాంటి వాటికి ఇబ్బంది లేదు. ‘ఛార్జ్’ దగ్గర మాత్రం బోల్తా పడతాం. నోట్సులో ‘ఛార్జ్ – షార్జ్ ఎత్మెక్’ అని ఉంటుంది. రాత పరీక్షలో ‘పోలీసులు అతని మీద కేసు పెట్టారు’ అనబోయి ‘పోలిస్ ఒను షార్జ్ ఎత్తి’ అని రాస్తే, దిద్దేవాళ్లకు అర్థమయ్యేది పోలీసులు అతన్ని ప్లగ్గుకు తగిలించారని.

ముందుగా రాత గురించి ఒక మాట. టర్కిష్‌లో ‘సి’ అక్షరం రాస్తే పలికేది మన ‘జ’. కింద తోక ఉన్న ‘సి’ అయితే ‘చ’. ‘జె’ అక్షరానికి ‘ప్లెజర్’ మధ్యలో వినిపించే శబ్దం. తెలుగు లిపిలో అది లేదు, ఇక్కడ ‘జ’ తోనే సరిపెట్టుకుందాం. త, ద లు మాత్రం అచ్చం మనవే, ఇంగ్లిష్ ట, డ లు కావు. వినే పరీక్షలో ఇది కలిసొస్తుంది.

ఇంగ్లిష్ ‘ఛార్జ్’ పుట్టుక బండి దగ్గర మొదలవుతుంది. గాల్ ప్రాంతపు (దాదాపు ఇప్పటి ఫ్రాన్స్) కెల్టిక్ జనం బండిని ‘కర్రోస్’ అనేవాళ్లు. లాటిన్‌లోకి అది ‘కర్రుస్’ అయి వచ్చింది. దాన్నుంచి పుట్టిన ‘కర్రికారె’ అంటే బండికి సరుకు ఎత్తడం. అదే పాత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లో దిగింది. అంటే అసలు అర్థం ‘బరువు ఎక్కించడం’. తుపాకీలో మందు కూరితే ఒక ఛార్జ్, మనిషి నెత్తిన బాధ్యత పెడితే ఇంకో ఛార్జ్, ఖాతా మీద డబ్బు వేస్తే, మనిషి మీద నేరం మోపితే మరో రెండు. 18వ శతాబ్దంలో కరెంటు ప్రయోగాలు చేసినవాళ్లు విద్యుత్తును నిల్వచేసే లైడెన్ జాడీని నింపడానికీ ఇదే మాట వాడుకున్నారు. దాడి అర్థం 16వ శతాబ్దం నాటిది. ఆయుధాన్ని నింపి సిద్ధం చేసుకోవడం నుంచి వచ్చి ఉంటుందని చెబుతారు. కార్, క్యారీ, కార్గో, కెరీర్, క్యారికేచర్ అన్నీ ఆ బండి సంతానమే. వీటిలో మూడు టర్కిష్‌లోనూ ఉన్నాయి: కార్గో, కారియెర్, కారికాతుర్. కార్గోతో జాగ్రత్త. అక్కడ ‘కార్గోమ్ గెల్మెది’ అంటే నా పార్సిల్ రాలేదని. కొరియర్ ఆఫీసు కూడా కార్గోనే.

ఈ పుట్టుక తెలిస్తే పరీక్షలో ఏం లాభం? ‘బరువు’ అన్న దారినే టర్కిష్ తన సొంత మాటతో చాలా దూరం నడిచింది కాబట్టి. ఆ మాట ‘యుక్’. దీన్ని మొదట పట్టుకోండి. యుక్ అంటే బరువు, సరుకు. ‘ఎలెక్త్రిక్ యుకు’ అంటే విద్యుదావేశం. ప్రోటాన్ ‘ఆర్తి యుక్లు’, ఎలక్ట్రాన్ ‘ఎక్సి యుక్లు’. ‘యుక్లెమెక్’ అంటే ఎక్కించడం: లారీకి సరుకైనా, వెబ్‌సైట్‌లోకి ఫైలైనా, ఇస్తాంబుల్ బస్సు, మెట్రోల్లో వాడే ఇస్తాంబుల్‌కార్త్‌లోకి డబ్బైనా. మనం ‘రీఛార్జి చేయించడం’ అనే చోట వాళ్లు వాడేది ఇదే. షార్జ్ ఎత్మెక్ అక్కడ నప్పదు. ‘సుచు బష్కసినా యుక్లెమెక్’ అంటే తప్పును ఇంకొకరి మీదకు నెట్టడం. యుక్లెనిజి అంటే కాంట్రాక్టరు, యుకుమ్లు అంటే ఫలానా పని చేయక తప్పనివాడు, యుక్లెమ్ అంటే వ్యాకరణంలో వాక్యపు క్రియాభాగం. సీ1 చదివే పాఠాల్లో ఈ కుటుంబం తరచూ తగులుతుంది. వేర్వేరు పేజీల్లో రాసుకుంటే గుర్తుండవు, ఒకే పేజీలో పెట్టండి.

రెండోది ‘షార్జ్’. ఫ్రెంచ్ నుంచి తెచ్చుకున్నారు, అందుకే మొదటి శబ్దం ష. బ్యాటరీకి సంబంధించినంత వరకే ఇది పనికొస్తుంది. ఇక్కడ తెలుగువాళ్ల అదృష్టం చూడండి. ‘తెలెఫోన్ షార్జ్‌దా’ అంటే ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. ‘దా’ మన ‘లో’. ‘తెలెఫోను షార్జా తక్తిమ్’ అంటే ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టాను. ‘ని’కి ‘ని’, ‘కి’కి ‘కి’. ‘షార్జిన్ వార్ మి?’ అంటే ఛార్జింగ్ ఉందా? ఇంగ్లిష్ మీదుగా పోకుండా తెలుగులోంచి నేరుగా దిగితే విభక్తులు వాటంతటవే సరిపోతాయి. ఒక్క తేడా: ‘ఛార్జింగ్ అయిపోయింది’ అనేచోట వాళ్లు ‘నా’ చేర్చి ‘షార్జిమ్ బిత్తి’ అంటారు.

ఛార్జర్ కావాలంటే ‘షార్జ్ అలెతి’ అని అడగాలి. ‘షార్జొర్’ అన్న మాట కూడా ఉంది, అదీ ఫ్రెంచ్‌దే, కానీ దాని అర్థం తుపాకీలో తూటాలుండే మ్యాగజైన్. మాట్లాడే పరీక్షలో ‘ప్రయాణానికి ఏమేం సర్దుకుంటారు’ అని అడిగినప్పుడు ఈ తప్పు దొర్లితే నవ్వుతో పోతుంది. ఎయిర్‌పోర్టులో అనకుండా ఉంటే మేలు.

మూడోది డబ్బు. ‘ఉజ్రెత్’ అంటే సేవకు కట్టే రుసుము: సెర్విస్ ఉజ్రెతి, కార్గో ఉజ్రెతి, బిలెత్ ఉజ్రెతి. ‘ఉజ్రెత్‌సిజ్’ అంటే ఉచితం. వస్తువు ధరకు ఉజ్రెత్ అనరు, ‘ఫియత్’ అంటారు. చొక్కా ఉజ్రెతి ఎంత అని రాస్తే మార్కు పోతుంది. చొక్కాకు ఫియత్, దాన్ని కుట్టినవాడికి ఉజ్రెత్. చదివే పరీక్షలో దెబ్బతీసేది దీని రెండో ముఖం: ఉజ్రెత్ అంటే జీతం, కూలి కూడా. ‘అస్గరీ ఉజ్రెత్’ అంటే కనీస వేతనం. తుర్కియె వార్తల్లో ఈ జంట కనబడని వారం ఉండదేమో. నోట్సులో ‘ఉజ్రెత్ – ఛార్జ్’ అని మాత్రమే ఉన్నవాళ్లు దాన్ని ‘కనీస రుసుము’గా చదువుకుని, కింద ఇచ్చిన ప్రశ్నలన్నిటికీ ఆ తప్పు మీదే జవాబులు కడతారు. ‘ఉజ్రెత్లి ఇజిన్’ అంటే జీతంతో కూడిన సెలవు, రుసుము కట్టి తీసుకునే సెలవు కాదు. క్రియతో కలిపితే ‘ముష్తెరిదెన్ ఉజ్రెత్ అల్మక్’, కస్టమర్ నుంచి డబ్బు తీసుకోవడం. ఇక్కడా మన ‘నుంచి’ సరిగ్గా కుదిరింది. బస్సు ఛార్జీకి ఇంగ్లిష్‌లో వాడే ‘ఫేర్’ స్పెల్లింగు టర్కిష్‌లో కనిపిస్తే అది ‘ఫారె’, అంటే ఎలుక. కంప్యూటర్ మౌస్ కూడా అదే.

నాలుగోది నేరం, మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘సుచ్’ అంటే నేరం, ‘సుచ్లామక్’ అంటే నేరం మోపడం. మనిషికి ‘ని’ వస్తుంది, నేరానికి ‘తో’ వస్తుంది: ‘ఒను హిర్సిజ్లిక్లా సుచ్లాది’. మక్కీకి మక్కీ అయితే ‘అతన్ని దొంగతనంతో నిందించాడు’. తెలుగులో ‘దొంగతనం చేశాడని’ అంటాం కాబట్టి ఆ అలవాటులో ఏదో ‘అని’ వెతుక్కుంటాం, వాక్యం కుంటుతుంది. పత్రికల్లో వచ్చే మూస ‘హిర్సిజ్లిక్ యప్మక్లా సుచ్లానియోర్’: మామూలు ‘మక్’ రూపానికి ‘లా’ తగిలించి ఆ తర్వాత కర్మణి క్రియ. దీన్ని మూసగానే కంఠస్థం చేయండి, ముందు నేరం మారుస్తూ పోతే చాలు. ఆరోపణలను ఖండించాడు అనడానికి ‘సుచ్లామలరి రెద్దెత్తి’.

మన ఛార్జిషీటుకు దగ్గరి మాట ‘ఇద్దియానామె’. చివరి ‘నామె’ మనకు రాజీనామా, వీలునామాల్లో ఉన్న పారశీక ‘నామా’యే, పత్రం అని. ఇక్కడ ఛార్జిషీటు వేసేది పోలీసులు. అక్కడ ఇద్దియానామె తయారు చేసేది ‘సవ్‌జి’, అంటే ప్రాసిక్యూటర్. కోర్టు దాన్ని స్వీకరిస్తేనే విచారణ మొదలవుతుంది. వార్త చదివి ‘ఎవరు ఏం చేశారు’ అనే ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు పోలీసుల్ని కర్తగా పెడితే తప్పు.

ఇదే చోట ప్రత్యయాల తప్పు ఒకటి గుంపుగా దొర్లుతుంది. కితాప్ అన్న మాట ‘కితాబి’ అవుతుందని, అఘాచ్ లాంటివి మెత్తబడతాయని నేర్చుకున్నాక ప్రతి మాటనూ మెత్తబరిచేస్తాం. సుచ్, యుక్, ఉజ్రెత్ మూడూ మెత్తబడవు: సుచు, యుకు, ఉజ్రెతి. ‘ఉజ్రెది’ అని రాస్తే నేరుగా స్పెల్లింగ్ తప్పే.

దాడి అర్థానికి పాత మాట ‘హుజూమ్’, కొత్త మాట ‘సల్దిరి’. 1932లో పుట్టిన టర్కిష్ భాషా సంస్థ అరబీ, పారశీక మాటల స్థానంలో టర్కిష్ ధాతువుల నుంచి మాటలు తయారు చేయించడంతో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి: వజిఫె–గొరెవ్, మెసూల్–సోరుమ్లు, ఇత్‌హామ్–సుచ్లామా. రెండూ బతికే ఉన్నాయి కాబట్టి రెండూ రావాలి. రాసేటప్పుడు కొత్తది, చదివేటప్పుడు రెండూ. హుజూమ్ ఇప్పుడు ఆటల వార్తల్లో బాగా వినిపిస్తుంది, ఫుట్‌బాల్‌లో అటాక్ అంతా హుజూమే. సైనిక దాడి అయితే ‘తారుజ్’. 1922 ఆగస్టు 26న గ్రీకు సైన్యం మీద టర్కులు మొదలుపెట్టిన దాడిని ‘బుయుక్ తారుజ్’ అంటారు. సల్దిర్మక్‌కు మన ‘మీద’ రాదు, ‘కి’ వస్తుంది. లాఠీఛార్జికి వీటిలో ఏదీ వాడరు: పోలీసులు గుంపులో ‘జోక్యం చేసుకున్నారు’ అన్నట్టు ‘గొస్తెరిజిలెరె ముదాహలె ఎత్తి’ అని రాస్తారు. లాఠీ పేరు ‘జోప్’. సి, ఓ, పి అని రాస్తారు. అక్షరాలకు తోకా చుక్కలూ పెడితే ‘చొప్’, అంటే చెత్త.

ఇన్‌ఛార్జికి ‘సోరుమ్లు’. మనం ‘పారిశుద్ధ్యానికి బాధ్యుడు’ అంటాం, వాళ్లు ‘పారిశుద్ధ్యం నుంచి’: ‘తెమిజ్లిక్‌తెన్ సోరుమ్లు’. తెలుగు విభక్తి ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. అసలు అధికారి సెలవులో ఉంటే ఆ కుర్చీలో కూర్చునే ఇన్‌ఛార్జి ‘వెకిల్’: ముదుర్ వెకిలి అంటే ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్. మన వకీలుకు అక్కడ ‘అవుకాత్’ అని వేరే మాట ఉంది, ‘మిల్లెత్‌వెకిలి’ అంటే పార్లమెంటు సభ్యుడు. రాయబార కార్యాలయంలో రాయబారి లేనప్పుడు బాధ్యత చూసే షార్జె దఫేర్‌ను ‘మస్లహత్‌గుజార్’ అంటారు. అంతర్జాతీయ వార్తల్లో తప్ప అవసరం పడదు.

డిశ్చార్జి మూడు ముక్కలు. ఆసుపత్రి నుంచి అయితే ‘తబుర్జు ఒల్మక్’ – తబుర్ అంటే సైనిక పటాలం, కోలుకున్న సిపాయిని పటాలానికి తిప్పి పంపే రోజుల నాటి మాట, ఇప్పుడు ప్రసవమై ఇంటికెళ్లే తల్లికీ అదే. సైన్యం నుంచి అయితే ‘తెర్హిస్’. బ్యాటరీకి ‘దెషార్జ్’, మనుషులు కూడా వాళ్ల మాటల్లో ‘దెషార్జ్ ఒల్దుమ్’ అంటారు, లోపలున్న కోపం, చిరాకు కక్కేసి తేలికపడ్డానని.

ఇక నోట్సు రాసే పద్ధతి. పేజీ పైన ఇంగ్లిష్ మాట, దాని కింద పుట్టుక ఒక్క లైను. ఆ కింద అర్థాలు విడగొట్టాలి, కానీ ఇంగ్లిష్‌లో వద్దు, తెలుగులో. ‘ఛార్జ్’ను మనం ఇప్పటికే విడగొట్టుకున్నాం: ఛార్జీ, ఛార్జింగ్, ఛార్జిషీటు, లాఠీఛార్జి, ఇన్‌ఛార్జి, డిశ్చార్జి. ఒక్కోదాని పక్కన టర్కిష్ మాట, దాని విభక్తి, రెండు వాక్యాలు. ఒకటి నోటి మాట, ఇంకోటి పత్రిక భాష. విభక్తి కోసం టర్కిష్ భాషా సంస్థ ఆన్‌లైన్ నిఘంటువు చూడండి. క్రియ పక్కనే అది ఏ ప్రత్యయం కోరుతుందో ఇస్తారు. కర్మ అక్కర్లేని క్రియకు ‘నెస్నెసిజ్’ అని పొడి అక్షరాలుంటాయి. మన విభక్తితో కలిసిన చోట టిక్కు, కలవని చోట ఎర్ర గీత. చూసుకునేటప్పుడు ఎర్ర గీతలు మాత్రమే చూస్తే సరిపోతుంది. రోజుకు ఇలాంటి మాట ఒకటి చాలు. రెండు మూడు కలిపితే అర్థాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రెండు రోజులాగి తెలుగు వైపు మాత్రం కనబడేలా టర్కిష్ వైపు మూసి వాక్యాలు చెప్పి చూడండి. టర్కిష్ చూసి అర్థం చెప్పడం తేలికే గానీ, రాత పరీక్షలో కావాల్సింది దానికి ఎదురు దారి.

‘ఛార్జ్’ అయ్యాక ‘బిల్’ తీసుకోండి. హోటల్లో హెసాప్, కరెంటుకు ఫతురా, నోటైతే బంక్‌నోత్, పిట్టదైతే గగా. చట్టసభలో పెట్టే బిల్లుకు పాత పాఠాల్లో ‘తసరి’, ‘తెక్లిఫ్’ రెండూ కనిపిస్తాయి. ప్రభుత్వం తెచ్చేది తసరి, సభ్యులు తెచ్చేది తెక్లిఫ్. అధ్యక్ష విధానం వచ్చిన 2018 నుంచి, బడ్జెట్ లాంటివి తప్ప, ప్రభుత్వం బిల్లు పెట్టే పద్ధతి పోయింది కాబట్టి ఇప్పటి వార్తల మీద వ్యాసం రాస్తే ‘కానూన్ తెక్లిఫి’ అనే రాయాలి.