పవాయ్ చర్చి, బటాక్ ఎంపనాడా: నా అనుభవం

ఫిలిప్పీన్స్ ఉత్తరాన ఉన్న పవాయ్ చర్చిని చాలామంది ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నా మాట వింటే ముందు పక్కకు వెళ్లండి. దాని అసలు బలం అక్కడుంది.

మనీలాలో వైద్యవిద్య చదువుతున్న మా తమ్ముడితో కలిసి రాత్రి బస్సెక్కాను. లావాగ్ వెళ్లే బస్సు బటాక్ మీదుగానే పోతుంది. పొద్దున అక్కడ దిగి, ట్రైసికిల్ మాట్లాడుకున్నాం. మోటారుసైకిలుకు పక్కన తొట్టి బిగించిన బండి అది. ఇద్దరం మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే కొద్దిసేపట్లోనే పవాయ్ చేర్చింది.

లోపల ప్రార్థన జరుగుతోంది కాబట్టి అది ముగిసేదాకా బయటే తిరిగాం. అదే మేలైంది. 1694లో మొదలుపెట్టి 1710లో ముగించిన కట్టడమిది. భూకంపాల నేల కావడంతో గోడలకు ఊతంగా చుట్టూ 24 దిమ్మలు నిలిపారు. ఒక్కొక్కటి 1.67 మీటర్ల మందం. పక్కల ఉన్న పెద్ద దిమ్మలు మెట్లు మెట్లుగా పైకి లేస్తాయి. పగడపు రాయి, ఇటుక కలిపి కట్టారు. గారలో చెరకు రసంతో పాటు మామిడాకులు, తోలు, వరిగడ్డి ఉడికించి కలిపారని చెబుతారు. మన డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ వేసేవారని విన్నవారికి ఇదేమంత వింతగా ఉండదు. గంటల గోపురం మాత్రం చర్చికి దూరంగా విడిగా ఉంటుంది. భూమి కంపించి అది కూలినా చర్చి మీద పడదు. స్పెయిన్‌పై తిరుగుబాటు రోజుల్లో విప్లవకారులు, రెండో ప్రపంచయుద్ధంలో గెరిల్లాలు ఆ గోపురం మీది నుంచే శత్రువుల రాకను కనిపెట్టేవారు. 1993లో యునెస్కో ఈ చర్చిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రార్థన అయ్యాక లోపలికి వెళ్లాం. చల్లగా, సాదాగా ఉంది. త్వరగానే బయటికి వచ్చేశాం.

ఆకలి మమ్మల్ని మళ్లీ బటాక్‌కు తీసుకొచ్చింది. అక్కడ ఎంపనాడా దుకాణాలు వరుసగా ఉంటాయి. జాఫ్రా గింజల రంగు కలిపిన బియ్యప్పిండి ముద్దను పల్చగా ఒత్తి, తురిమిన పచ్చి బొప్పాయి, పెసలు పరిచి, మధ్యలో గుడ్డు కొట్టి, కజ్జికాయలా మడిచి నూనెలో వేస్తారు. మామూలుగా లొంగనీసా అనే పంది మాంసపు సాసేజ్ కూడా పెడతారు. "మాంసం వద్దమ్మా, గుడ్డు చాలు" అన్నాను. ఆమె మారుమాట లేకుండా అలాగే చేసింది. అయితే అన్నీ వేగేది ఒకే మూకుడులో. పట్టింపు ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి.

కొస కొరికి, ఆ సందులో ఉల్లిపాయ, మిరపకాయ వేసిన చెరకు వెనిగర్ పోసుకుని తినాలి. పుల్లదనం తగలకపోతే అది ఉత్త నూనె వంటకమే.

తమ్ముడు రెండోది లొంగనీసాతో చెప్పాడు. "అన్నయ్యా, అసలు రుచి ఇదే" అన్నాడు. ఆ సంగతి వాడినే అడగాలి.