పిస్టల్ పిడి, సైకిల్ ట్యూబు

రాత్రి పన్నెండుకు పది నిమిషాల ముందు బీరు కూలర్లకు తాళాలు వేయడం నా పని. టెక్సాస్‌లో మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాటాక బీరు అమ్మకూడదు, శనివారం రాత్రయితే ఒంటిగంట దాకా అమ్మొచ్చు. ఆ గంట తేడా తాగేవాళ్లందరికీ తెలుసు. మంగళవారం నాడు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

2022లో అలాంటి ఒక మంగళవారం, పన్నెండూ పదికి ఒకతను వచ్చాడు. కూలర్ తలుపు రెండుసార్లు లాగి చూసి కౌంటర్ దగ్గరకొచ్చి తాళం తియ్యమన్నాడు. కుదరదన్నాను. ఒక చెయ్యి కౌంటర్ మీద పెట్టాడు, రెండోది జాకెట్ జేబులో ఉంది. నేను అంతకుముందు అరగంట నుంచీ కూలర్ వెనక గదిలో డబ్బాలు సర్దుతున్నాను. వేళ్లు మొద్దుబారి, అరచేతులు చెమ్మగా ఉన్నాయి. నా కుడిచెయ్యి నన్నడక్కుండానే చొక్కా అంచు కిందికి వెళ్లిపోయింది.

పిస్టల్ తియ్యలేదు. పిడి పట్టుకున్నానంతే. కానీ పట్టు కుదరలేదు. నడిమి వేలు పిడి మీది గాడిలో కూర్చోకుండా పక్కనున్న గుబ్బ మీదకెక్కింది, అరచెయ్యి జారింది. ఇంతలో అతను జేబులోంచి ఫోన్ తీసి టైమ్ చూసుకుని, 'సారీ బ్రో, నిజమే' అని ఒక చిప్స్ ప్యాకెట్ కొనుక్కుని వెళ్లిపోయాడు. అతను కారు తీసేదాకా నా చెయ్యి అక్కడే ఉంది.

పొద్దున బావకి చెప్పాను. స్టోర్ బావదే.

"తుపాకీ తీశావా?"

"లేదు బావా."

"మరి చెయ్యెందుకు పెట్టావ్? ఎవడన్నా డబ్బులడిగితే ఇచ్చెయ్యమన్నాను కదా బామ్మర్దీ. పోతే నా డబ్బు పోతుంది, నీకేం?"

ఆయన మాట నిజమే. రిజిస్టర్‌లో వంద డాలర్లకు మించి ఉండనివ్వడు. ఇరవై డాలర్ల నోటు వస్తే అప్పటికప్పుడు సేఫ్ సందులో పడాల్సిందే, ఆ సేఫ్ తాళం నా దగ్గర ఉండదు. అయినా ఆ వారమంతా నా మనసు డబ్బు మీద లేదు, ఆ గుబ్బ మీదే ఉంది.

అసలు నా దగ్గర పిస్టల్ ఎందుకుందో చెప్పాలి. 2003లో అక్క నా గ్రీన్ కార్డు కోసం వేసిన పిటిషన్ కదిలి కదిలి 2017లో నా దాకా వచ్చింది. నందిగామ దగ్గర పత్తి, మిర్చి వేసుకునేవాణ్ణి గ్రీన్ కార్డుతో దిగి ఏకంగా బావ గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ ఎక్కాను. ఇక్కడ హెచ్1బీ మీదున్న మనవాళ్లకు, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపేదో ఉంటే తప్ప, తుపాకీ కొనే వీల్లేదు. గ్రీన్ కార్డు వాళ్లు కొనుక్కోవచ్చు. లక్షల జీతాల సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు లేని హక్కు గంటల లెక్కన పనిచేసే నాకుండటం వాళ్లకు వింత, నాకు కొంచెం గర్వం. మా ఊళ్లో లైసెన్స్ తుపాకీ ఉన్న ఒక్క ఆసామీ ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని గోనెసంచిలో చుట్టుకుని స్టేషన్‌లో అప్పజెప్పి వచ్చేవాడు. ఇక్కడ 2019లో ఫారం 4473 నింపి, కార్డు చూపించి, షాపువాడు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తుంటే గోడకున్న జింక తలలు చూస్తూ కూర్చున్నాను. టీ తాగేంత సేపట్లో పని అయిపోయింది.

కొన్నది గ్లాక్ 19, నాలుగో తరానిది, సెకండ్ హ్యాండ్. పెట్టె లేదు, విడిభాగాల్లేవు, అందుకే చవక. మొదట్లో కర్టెన్ రాడ్లు చేసుకున్న ఆస్ట్రియా కంపెనీ ఇది. సైన్యానికి కత్తులు, మడత పారలు కూడా చేసింది. 1982లో వాళ్ల ప్లాస్టిక్ పిడి పిస్టల్‌ని ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. ప్లాస్టిక్ అంటే మన బకెట్ ప్లాస్టిక్ కాదు, నైలాన్ జాతి పాలిమర్. తూటాలుండే మ్యాగజైన్ లేకుండా తూస్తే పిస్టల్ దాదాపు 600 గ్రాములు. పన్నెండు గంటలు స్టూల్ మీద కూర్చునేవాడికి నడుం దగ్గర ఆ బరువు తేడా బాగా తెలుస్తుంది.

పిడి ముందువైపు వేళ్లు ఇరుక్కోవడానికి గాడులు, గాడికీ గాడికీ మధ్య గుబ్బలు ఉంటాయి. 1990ల చివర్లో పెట్టిన ఆ గాడులను 2017లో వచ్చిన అయిదో తరంలో తీసేశారు. నాది మధ్యలోది. తప్పు పిస్టల్‌ది అనను. నా వేళ్లు పొట్టివి, లావువి. మా వంశంలో అందరివీ అంతే. ఎక్కడో ఒక సగటు చెయ్యి కొలతకు పోసిన అచ్చు అది, ఆ సగటులో నా చెయ్యి లేదు. పైగా ట్రిగ్గర్ గార్డు, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ, దాని కింది అంచు నడిమి వేలి కణుపు మీద ఒరుసుకుని అక్కడో కాయ కాసింది. కొడవలి పట్టినప్పుడు కాసిన కాయలు సముద్రం దాటాక మానిపోయాయి. ఇక్కడికొచ్చి కొత్త కాయ కాయించుకున్నాను.

ఇక్కడ వెల్డర్ పెద్దాయన గురించి చెప్పాలి. రోజూ పొద్దున అయిదున్నరకు వచ్చి నల్ల కాఫీ, రెండు స్క్రాచ్ లాటరీ టికెట్లు తీసుకుంటాడు. వెల్డింగ్ నుంచి రిటైరయ్యాక ఇంటి గరాజ్‌లో పిస్టళ్ల పిడులు చెక్కుతుంటాడు. నా గుబ్బ కథ విని చెయ్యి చాపమన్నాడు. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు నా వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసి, తాను ఏమేం చెయ్యగలడో వరసగా చెప్పాడు. గుబ్బలు అరగదీస్తాడు. ట్రిగ్గర్ గార్డు కింద కొంచెం తొలుస్తాడు, దాంతో కాయ పోతుంది. తర్వాత పిడి చుట్టూ స్టిప్లింగ్. అంటే కాల్చిన సోల్డరింగ్ ఐరన్ మొనతో పాలిమర్ మీద వందల చుక్కలు పొడిచి గరుకు తెప్పించడం. దానికి నూటయాభై డాలర్లు అవుతుందట, నాకైతే ఊరికే చేసిపెడతానన్నాడు.

మర్నాడు నమూనాకి ఒక పాత ప్లాస్టిక్ మ్యాగజైన్ తెచ్చాడు. దాని మీద ఒక పక్కన సన్నటి చుక్కలు, ఇంకో పక్కన ముతక చుక్కలు. షిఫ్ట్ అయ్యాక నన్ను గరాజ్‌కి తీసుకెళ్లి ఐరన్ నా చేతికిచ్చాడు. పొడిస్తే 'స్స్' మంటూ నల్లటి పాలిమర్ చిన్న పుట్టలా లేచింది. ఆ వాసన నాకు కొత్త కాదు. 'బకెట్లకు, బిందెలకు అతుకులేస్తాం' అంటూ వీధిలో తిరిగే మనిషి కాల్చిన కడ్డీతో పగిలిన బిందెకు మాటు వేసేటప్పుడు వచ్చే వాసనే అది. అమ్మ పక్కనే నిలబడి, 'సరిగ్గా వెయ్యి, కారితే డబ్బులివ్వను' అనేది. ఇరవై చుక్కలు పొడిచాను. మొదటి పది చక్కగా వరసలో పడ్డాయి, పదకొండోది పక్కకి పోయింది. ఒకసారి కాలిన పాలిమర్‌ని వెనక్కి తెచ్చే దారి లేదు.

ఆ రోజే చేయించేసుకునేవాణ్ణేమో. నిద్రొస్తోందని ఇంటికెళ్లాను. పడుకుంటే నిద్ర రాలేదు, లెక్కలొచ్చాయి.

మొదటి లెక్క కాగితాలది. గ్లాక్‌లో సీరియల్ నంబర్ ఉన్న ప్లేటు ఆ పాలిమర్ ఫ్రేమ్‌లోనే, అంటే పిడితో కలిపి పోసిన చట్రంలోనే, పొదిగి ఉంటుంది. చట్టం దృష్టిలో ఫ్రేమే తుపాకీ. పైనున్న స్లైడు, బ్యారెల్ పాడైతే అవి మామూలు సామాన్లు, పోస్టులో తెప్పించుకోవచ్చు. పిడి పాడైతే తుపాకీ పాడైనట్టే, మళ్లీ 4473 నింపాల్సిందే. సిగ్ పీ320 లాంటి వాటిలో ఈ గొడవ లేదు. అందులో నంబర్ లోపలి యంత్రభాగం మీద ఉంటుంది, పిడి చొక్కాలాంటిది. నచ్చకపోతే విప్పేసి ఇంకోటి తొడుక్కోవచ్చు. అలాంటిది కొనుక్కుని ఉంటే ఈ టెన్షనే ఉండేది కాదు.

రెండోది చర్మం లెక్క. ముతక స్టిప్లింగ్ అంటే ఉప్పుకాగితమే. అది పన్నెండు గంటలు నడుముకి ఆనుకుని ఉంటుంది. డబ్బాలకు వంగినప్పుడల్లా, స్టూల్ మీద జరిగినప్పుడల్లా బనీను చిరుగుతుంది, లేదంటే చర్మం లేస్తుంది.

మూడోది బావ చెప్పాడు, అదీ నవ్వుతూ. "రేపు ఏదన్నా జరిగి కోర్టుకెక్కావనుకో. అవతలి లాయరు నీ పిస్టల్ పైకెత్తి, 'ఇతను దీన్ని ఎంత ముచ్చటగా తీర్చి దిద్దుకున్నాడో చూడండి' అంటాడు. అప్పుడేం చెప్తావు?" 2016లో అరిజోనాలోని మీసాలో ఒక పోలీసాయన మనిషిని కాల్చిన కేసు ఆయనకు గుర్తుంది. ఆ పోలీసు తన రైఫిల్‌లో దుమ్ము పడకుండా ఉండే మూత మీద చెక్కించుకున్న బూతుమాట పేపర్లన్నిటికీ ఎక్కింది. జడ్జి దాన్ని జ్యూరీకి చూపించనివ్వలేదు, చివరికి ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా జనం నోట్లో మాత్రం ఆ మాటే మిగిలింది. గరుకు వేరు, బూతు వేరు, నాకు తెలుసు. కానీ నా ఉచ్చారణతో ఇంగ్లీషులో పన్నెండుమంది జ్యూరీకి ఆ తేడా విడమర్చి చెప్పే అవసరం రాకూడదని గట్టిగా అనిపించింది.

నెల తిరిగాక, తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌కి వెళ్లాను. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి లైసెన్స్ లేకుండానే చాలామంది పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు గానీ, నేను అంతకుముందే లైసెన్స్ పరీక్ష రాశాను. 3, 7, 15 గజాల నుంచి మొత్తం 50 రౌండ్లు, 250కి 175 వస్తే పాస్. నేను పాసయ్యాను కానీ గుండ్లన్నీ ఎడమకి, కిందికి పడుతుండేవి. ట్రిగ్గర్ మీద వేలి కొస మాత్రమే ఆనుతున్నందువల్ల అని చెప్పేవాళ్లు. ఆ రోజు కొత్తగా వచ్చిన టీచరమ్మ నా పిస్టల్ తీసుకుని, మ్యాగజైన్ తీసి, చాంబర్‌లో తూటా లేదని రెండుసార్లు చూసి, పిడి వెనకభాగాన్ని బొటనవేలితో తడిమి అడిగింది:

"నీ చెయ్యి చిన్నది కదా, లార్జ్ బ్యాక్‌స్ట్రాప్ ఎందుకు పెట్టుకున్నావు?"

నేను పెట్టుకోలేదు. అది ఉందన్న సంగతే నాకు తెలియదు. నాలుగో తరం గ్లాక్‌కి పిడి వెనక తగిలించే తొడుగులుంటాయి. మీడియం అయితే 2 మిల్లీమీటర్లు, లార్జ్ అయితే 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఏదీ పెట్టకపోతే పిడి అన్నిటికంటే చిన్నగా ఉంటుంది. నాకు ముందు దాన్ని వాడినాయన ఎవరో భారీ మనిషి, తన చేతికి లార్జ్ తొడిగించుకున్నాడు. పెట్టె లేదు, కాగితం లేదు, మూడేళ్లు నేను ఆయన చేతిని పట్టుకుని తిరిగాను. ఆవిడ చిన్న పంచ్‌తో పిన్ను నెట్టి, తొడుగు ఊడదీసి, తన డబ్బాలోంచి పొట్టి పిన్ను తీసి పెట్టింది. రెండు నిమిషాల పని. వేలు ట్రిగ్గర్ మీద సరిగ్గా కూర్చుంది. గుండ్లు మధ్యకి వచ్చాయి. అన్నీ రాలేదు, మిగతావి నా చేతకానితనం.

గుబ్బలు మాత్రం ఉండిపోయాయి, జారుడూ ఉండిపోయింది. వెల్డర్ పెద్దాయన రోజూ కాఫీ కలుపుకుంటూ 'ఎప్పుడు?' అన్నట్టు కళ్లెగరేస్తున్నాడు. అప్పుడు మేనల్లుడి పాత సైకిల్ కనబడింది. ట్యూబు ముక్క కోసి పిడికి తొడగడం ఇక్కడ పాత చిట్కానే. మనకైతే చిట్కా అని కూడా చెప్పాల్సిన పనిలేదు, కారే పైపుకు ట్యూబు ముక్క చుట్టని పొలం ఉందా? అరచెయ్యి వెడల్పున కోసి సబ్బునీళ్లతో ఎక్కించాను. గుబ్బల మీద రబ్బరు బిగుసుకుని గాడుల లోతు తగ్గింది. పట్టు అద్భుతంగా ఉంది. రేంజ్‌లో రెండో మ్యాగజైన్ దగ్గర బండారం బయటపడింది. ట్యూబు మెల్లగా కిందికి జారి మ్యాగజైన్ నోటికి అడ్డం పడింది. బటన్ నొక్కినా మ్యాగజైన్ రాలేదు, గోళ్లతో లాగాల్సొచ్చింది. టీచరమ్మ ఏమీ అనలేదు గానీ పక్క లేన్‌లో కుర్రాడు కిసుక్కుమన్నాడు.

ట్యూబు తీసేసి, ఇరవై డాలర్లు పెట్టి గరుకు టేపు కొన్నాను. పిడి కొలతకు కోసే ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి అంటించాలి, మళ్లీ వెచ్చబెడితే ఊడొస్తుంది. ఉప్పుకాగితం రకం వద్దని రబ్బరు రకం తీసుకున్నాను. కూలర్ పని చేసొచ్చి తడిచేత్తో పట్టుకున్నా జారడం లేదు. గుబ్బల సంగతంటారా, ఖాళీ పిస్టల్‌తో రోజుకు పదినిమిషాలు సాధన చేస్తే నడిమి వేలు తన గాడి తాను వెతుక్కోవడం నేర్చుకుంది. పెద్దాయనకి వద్దులెండి అని చెప్పాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఆ నమూనా మ్యాగజైన్ మాత్రం కౌంటర్ మీద వదిలేశాడు. రసీదులు ఎగిరిపోకుండా దాన్నే వాటి మీద పెడుతున్నాను. మేనల్లుడు ఇప్పటికీ అడుగుతుంటాడు, "మామయ్యా, నా ట్యూబేది?"

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి ఈ కథంతా చెప్పాను. పార కామ కొత్తదైతే నాన్న వారంపాటు ఇంకేం పని పెట్టుకునేవాడు కాదు. వడ్రంగి చెక్కిచ్చిన తుమ్మకర్రను అరుగు మీద ఒళ్లో పెట్టుకుని, గాజు పెంకుతో సన్నగా గీరి, ఆముదం రాసి, పట్టి చూసి, మళ్లీ గీరేవాడు. కాబట్టి 'గీయించుకోవాల్సింది' అంటాడనుకున్నాను. పిస్టల్ చూపించమన్నాడు. ఖాళీ చేసి, ఫోన్ ముందు పెట్టాను. కళ్లజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు.

"కొని ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు."

"గుబ్బలు కొత్తవాటిలాగే ఉన్నాయి. మూడేళ్లయినా పిడి అరగలేదంటే దాంతో పని పడలేదన్నమాట."

"లేదు నాన్నా."

"చాల్లే," అన్నాడు. వెనక గేదె అరుస్తోంది, కుడితి పెట్టాలని ఫోన్ పెట్టేశాడు.