కారు ఆయిల్ పోసి క్లచ్ జారాక

పోయిన ఏడాది మా బావ కారు సర్వీసింగ్ చేయిస్తే సింథటిక్ ఆయిల్ లీటరు పైగా మిగిలింది. "ఖరీదైన సరుకురా, నీ బండికి పోయించుకో" అని డబ్బా చేతిలో పెట్టాడు. ఊరికే వచ్చింది కదా అని పోయించేశాను. నాలుగు రోజులు తిరక్కుండానే, ఎత్తు బ్రిడ్జి ఎక్కుతుంటే ఇంజన్ రొద పెరుగుతోంది గానీ బండి లాగడం లేదు. వెనక ఆటోల హారన్లు, నాకు టెన్షన్.

మా విజయనగరం కోట దగ్గర మెకానిక్‌కి డబ్బా చూపించాను. "ఏటి బాబూ, బండికి కారు ఆయిలు పోసేసినావేటి!" అన్నాడు. కారులో క్లచ్ ఇంజన్ ఆయిల్‌కి దూరంగా విడిగా ఉంటుంది. మన గేర్ల బండ్లలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. రాపిడి తగ్గడానికి కారు ఆయిల్‌లో కలిపేవి ప్లేట్ల పట్టునీ తగ్గించేస్తాయి. బండి ఆయిల్ డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలట. ఎంబీ అని ఉంటే గేర్లు లేని స్కూటర్లకి.

కింద రేకు డబ్బా పెట్టి బోల్టు విప్పాడు. ఆయిల్ అప్పుడే నల్లబడింది. రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, "నల్లబడితే పాడైనట్టు కాదు, మసిని తనలోకి లాక్కుందన్నమాట" అన్నాడు.

మరి ఈసారి ఏది పోయించాలి? మాన్యువల్‌లో 10డబ్ల్యు-30 అని ఉంది. 10డబ్ల్యు చలిలో ఎంత పల్చగా పారుతుందో చెబుతుంది, విజయనగరంలో ఆ చలి ఎక్కడిది! 30 మాత్రం ఇంజన్ వేడెక్కాక ఉండే చిక్కదనం. సింథటిక్ వేడికి త్వరగా చెడదు, ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది. ఘాట్ రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లయితే అదే పోయించుకోవాలి. నేను వెళ్లేది నెల్లిమర్ల వరకే. అంత దగ్గరి ప్రయాణంలో ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే తేమ, కాలని పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఏ ఆయిలైనా టైముకి మార్చక తప్పనప్పుడు దాదాపు రెట్టింపు డబ్బు ఎందుకని మామూలుదే తీసుకున్నాను, ఎంఏ2 చూసి మరీ.

మొదటి వారం క్లచ్ ఇంకా కొంచెం జారింది. ఐదొందల కిలోమీటర్లకి మళ్లీ మార్పిస్తే పట్టు దొరికింది. ఇప్పుడు తేదీ, మీటరు రీడింగు సీటు కింద మార్కరుతో రాసుకుంటున్నాను. బావ ఇచ్చిన ఆయిల్‌ని పక్క కట్టెల అడితి అతను సీసాలో పట్టుకెళ్లాడు, చెదలకి రాస్తాడట.