కంట్రోల్ ప్యానెల్ రెండోసారి

నా మోడల్ రైల్వేలో పట్టాల దారులు మార్చే స్విచ్‌ల కోసం చేసిన మొదటి ప్యానెల్ పీకేశాను. పనిచేయక కాదు. స్విచ్‌లన్నీ పనిచేశాయి, లైట్లన్నీ వెలిగాయి. కానీ బండి ఎడమ నుంచి వస్తుంటే నా చెయ్యి ప్రతిసారీ తప్పు స్విచ్ మీదికి పోయేది. పట్టాల ప్లాన్ కాగితం మీద ఎలా ఉందో ప్యానెల్ మీద అలాగే గీసేశాను. నేను నిలబడేది మాత్రం పట్టాలు పరిచిన బల్లకు అవతలి పక్క. రెండు వారాల్లో మూడు సార్లు ఇంజిన్‌ని పట్టాలు దింపాక, అలవాటైపోతుందిలే అని సర్దిచెప్పుకోవడం మానేశాను.

ఈసారి గీత గీయకముందే నిలబడే చోటుకి వెళ్లి, అక్కడి నుంచి కనిపించేది కనిపించినట్టు కాగితం మీద వేసుకున్నాను. ఆ కాగితాన్ని అట్టకు అంటించి, స్విచ్‌లు ఉండాల్సిన చోట గుండుసూదులు గుచ్చి, ఒక సాయంత్రం ఉత్తుత్తి ఆపరేషన్ నడిపాను. చూసినవాళ్లు నవ్వితే నవ్వారు గానీ, బండ్లు నిలిపే యార్డ్ మొదట్లో రెండు స్విచ్‌లు వేళ్లు పట్టనంత దగ్గరగా ఉన్నాయని అప్పుడే తెలిసింది. వాటి మధ్య దూరం 18 మిల్లీమీటర్ల నుంచి 30కి పెంచాను.

ప్యానెల్‌కి 3 మి.మీ. అక్రిలిక్ షీట్. స్విచ్‌లకు 6 మి.మీ. రంధ్రాలు, ఎల్‌ఈడీలకు 3 మి.మీ. మామూలు డ్రిల్ బిట్ అవతలికి దిగే క్షణంలో అక్రిలిక్‌ని పట్టి లాగేస్తుంది, టప్పున పగులుతుంది. ఒక షీట్ అలాగే పోయింది. ఇప్పుడు పైన మాస్కింగ్ టేప్, కింద చెక్క ముక్క, స్టెప్ బిట్, తక్కువ స్పీడ్. తొందరపడితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది.

పాయింట్లకు, అంటే బండి ఒక దారి నుంచి ఇంకో దారికి మారే చోట్లకు, వాడేవి స్లో మోషన్ మోటార్లు. చివరికంటా తిరిగాక కరెంట్ ఉండగానే ఆగిపోతాయి, అప్పుడు కూడా ఒక్కోటి లాగేది 20 మిల్లీ ఆంపియర్ల లోపే. అందుకని ఏడు మోటార్లకూ ఒక చిన్న 12 వోల్టుల అడాప్టర్ చాలు. కాయిల్ మోటార్లకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి క్షణం సేపే కరెంట్ ఇవ్వాలి, లేకపోతే కాయిల్ మాడిపోతుంది.

ఒక్కో పాయింట్‌కి ఒక డీపీడీటీ టాగుల్ స్విచ్, అంటే రెండు వైర్లనూ ఒకేసారి మార్చేది. వెనక ఆరు కాళ్లు. మధ్య రెండింటి నుంచి మోటార్‌కి, ఒక చివర రెండింటికి ప్లస్, మైనస్. ఆ రెండింటి నుంచి అవతలి చివరకి ఇంటూ మార్కులా రెండు వైర్లు. స్విచ్ తిప్పితే మోటార్‌కి వెళ్లే కరెంట్ దిశ మారుతుంది, అంతే. ఆ ఇంటూ వైర్లను స్విచ్ బిగించకముందే టేబుల్ మీద సోల్డర్ చేసుకోవాలి. బిగించాక చేస్తే పక్క వైర్ తొడుగు కాలుతుంది, చెయ్యి కూడా.

మోటార్‌కి వెళ్లే ఒక వైర్‌లోనే రెండు ఎల్‌ఈడీలను ఒకదానికొకటి ఎదురుగా, సమాంతరంగా కలిపాను. ఒక దిశలో ఒకటి, రెండో దిశలో మరొకటి వెలుగుతుంది. కరెంట్‌ని మోటారే అదుపులో ఉంచుతుంది కాబట్టి వేరే రెసిస్టర్ అక్కర్లేదు. సుమారు 2 వోల్టులు ఎల్‌ఈడీ తినేయడం వల్ల మోటార్ కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, చూడ్డానికి అదే బాగుంది. ప్యానెల్ మీద మెయిన్ లైన్ గీతలో ఒకటి, లూప్ (పక్క దారి) గీతలో ఒకటి పెట్టాను. దారి ఎటు ఉంటే అటు పచ్చగా వెలుగుతుంది.

నాలుగో పాయింట్ దగ్గర లైటు లూప్ అంటుంటే పాయింట్‌లో కదిలే పట్టా ముక్కలు (బ్లేడ్లు) మెయిన్ లైన్‌కి ఉన్నాయి. అలాంటప్పుడు మోటార్ దగ్గర రెండు వైర్లు తారుమారు చేస్తే చాలు. లైటూ పాయింటూ కలిసే ఉండి స్విచ్ పిడి మాత్రం అటుదిటుగా ఉంటే నట్టు వదులు చేసి స్విచ్‌నే సగం చుట్టు తిప్పాలి. ఈ తేడా తెలియక మొదటి ప్యానెల్‌లో ఒక పూటంతా వైర్లు మార్చుకుంటూ కూర్చున్నాను.

ఆరు పాయింట్లు అయ్యాయి. ఏడోది గోడ మూలన ఉంది, మోటార్ బిగించాలంటే బల్ల కింద వెల్లకిలా పడుకుని దూరాలి. దాని స్విచ్ మీద ప్రస్తుతానికి టేప్ వేసి ఉంచాను.